జిల్లేడు పువ్వు ముందు కూర్చొని

(సూరత్ నగరంలోని తెలుగు బౌద్ధుల వైశాఖ పూర్ణిమ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైశాఖ పూర్ణిమ నాడు మాట్లాడేవారు పద్మాన్ని గురించి మాట్లాడటం ఆనవాయితీ. అమరావతి శిల్పులు సున్నపురాతిపై పద్మాన్ని చెక్కారు. ఈ సాయంత్రం మన వేదికపై అలంకరించినవీ పద్మాలే. నేను మాత్రం నా చేతిసంచిలో ఒక జిల్లేడు పూల గుత్తిని తెచ్చాను. సభ ముగిసిన తరువాత మీలో ఇష్టమున్నవారు దగ్గరకు వచ్చి చూడవచ్చు. ఈ పువ్వు నాకు ఒక తప్పును తెలియజెప్పింది. ఆ తప్పు నాది, కొంతవరకు మనందరిదీ. దానిని మీ ముందు ఒప్పుకోవడానికే ఈ అంశాన్ని ఎన్నుకొన్నాను.

లింబాయత్, ఉధనా ప్రాంతాలలో నివసించే మనకు జిల్లేడును పరిచయం చేయనవసరం లేదు. ఖాడీ గట్టు మీద, రైలు పట్టాల వెంట, మూతపడిన సాంచెల కార్ఖానాల గోడల పక్కన, ఎవరూ నీరు పోయని చోట అది పెరుగుతుంది. గుజరాతీ సోదరులు దీనిని ఆకడో అంటారు. మన పూర్వీకులు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి మగ్గాన్ని నమ్ముకొని ఇంత దూరం వచ్చినప్పుడు ఇక్కడి భాష కొత్తది, తిండి కొత్తది, నీరు కొత్తది. జిల్లేడు మాత్రం పాతదే. మా అమ్మ ఈ ఊళ్లో మొదట గుర్తుపట్టిన మొక్క అదేనని చెప్పేది. అయితే ఆమె దానిని సంతోషంతో గుర్తుపట్టలేదు. "ఇక్కడ కూడా వచ్చిందా ఈ పాడుచెట్టు" అన్నదట.

పాడుపడిన ఇంట జిల్లేడు మొలుస్తుందని మన ఊళ్లలో నమ్మకం. కోపం వచ్చినప్పుడు ఎదుటివాని ఇంట జిల్లేళ్లు మొలవాలని తిట్టేవారిని నేను చిన్నప్పుడు విన్నాను. అదే జిల్లేడు ఆకులను రథసప్తమి నాడు తలపై పెట్టుకొని స్నానం చేసేవారినీ చూశాను. మూడవ పెళ్లి కీడు అనుకొని, ముందుగా పురుషునికి జిల్లేడు మొక్కతో వివాహం జరిపించే ఆచారం ఒకటి ఉన్నది. అర్కవివాహం అంటారు. మనిషికి రావలసిన కీడు చెట్టుకు పోతుందట! ఇక ఈ నగరంలో శనివారం వచ్చిందంటే ఆకడో పూల దండలు హనుమంతుని గుడి ముందు అమ్ముడుపోతాయి. శుక్రవారం వరకు దయ్యం ఉండే చెట్టు శనివారం పవిత్రమవుతుంది. ఆదివారం మళ్లీ దయ్యమే. తిట్టేవాడు, పూజించేవాడు, కీడును దాని మీదికి తోసేవాడు, ఈ ముగ్గురిలో ఎవరూ ఆ పువ్వును ఒక నిమిషం సేపు చూసినవారు కారు.

ఈ మాట విన్నప్పుడు మీ మనస్సులో ఏమి మెదులుతున్నదో నాకు తెలుసు. దగ్గరకు వచ్చి చూడకుండానే పేరు పెట్టడం, ఆ పేరును బట్టి దూరం పెట్టడం, అవసరమైనప్పుడు మాత్రం వాడుకోవడం మన తాతలు అనుభవించినవే. ఆ విషయానికి తరువాత వస్తాను. ముందుగా నా తప్పును చెప్పాలి.

నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడిని. దీక్ష స్వీకరించిన తరువాత ఆదివారాలు మన పేటలోని పిల్లలను కూర్చోబెట్టి బుద్ధుని జీవితాన్ని, బాబాసాహెబ్ జీవితాన్ని చెబుతూ వస్తున్నాను. మా ఇంటి వెనుక, ఖాడీ వైపున, ఒక పెద్ద జిల్లేడు ఉన్నది. నా భుజాలను దాటిన ఎత్తు. అక్కడ దయ్యం ఉన్నదని పెద్దలు పిల్లలను బెదిరించేవారు. ఒక ఆదివారం నేను ఆ మాటను ఖండించాను. దయ్యం లేదు, భూతం లేదు, చెట్టు చెట్టే, భయపడేవాడు ధమ్మాన్ని అర్థం చేసుకోలేదని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగా అనిపించింది.

మరునాడు ఎనిమిదేళ్ల పిల్లవాడొకడు తన ధైర్యాన్ని తోటివారికి చూపించడానికి ఆ చెట్టు దగ్గరకు వెళ్లి కొమ్మలు విరిచాడు. తెల్లని పాలు చేతులనిండా అంటాయి. ఆ చేతితోనే కన్ను నులుముకొన్నాడు. నొప్పి పెద్దగా లేదట. అందువల్ల ఇంట్లో చెప్పలేదు. సాయంత్రానికి ఒక కంటి చూపు పొగమంచు కమ్మినట్లయింది. వాని తల్లి పరుగున వచ్చింది. ఆసుపత్రికి తీసుకొని వెళ్లాము. జిల్లేడు పాలు కంటి నల్లగుడ్డు మీది పొరను దెబ్బతీస్తాయని, నొప్పి తెలియనందువల్లనే చాలామంది ఆలస్యంగా వస్తారని వైద్యులు చెప్పారు. మందులు వాడగా కొన్ని వారాలకు చూపు కుదుటపడింది. కాని ఆ వారాలలో ఆ తల్లి నన్ను అడిగిన ఒక్క ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. "పంతులుగారూ, దయ్యం లేదని చెప్పారు సరే, పాలున్నాయని ఎందుకు చెప్పలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకు చెప్పలేదంటే, నాకు ఆ చెట్టును గురించి ఏమీ తెలియదు. పాలుంటాయని తెలుసు గాని వాటివల్ల ఏమి జరుగుతుందో తెలియదు. అరవై ఏళ్లు ఆ చెట్టు పక్కనుంచి నడిచినవాడిని, దానిని ఎన్నడూ చూడలేదు. అమ్మ దానిని పాడుచెట్టు అన్నది. నేను వట్టి చెట్టు అన్నాను. ఇద్దరమూ చూడకుండానే మాట్లాడాము. ఆ రెంటిలో అమ్మ మాటే పిల్లలను ఆ పాల నుండి కాపాడుతూ వచ్చింది. నా మాట ఆ కాపలాను తీసివేసి, దాని స్థానంలో ఏమీ పెట్టలేదు.

14 అక్టోబరు 1956న నాగపూరులో బాబాసాహెబ్ తాము దీక్ష స్వీకరించి, తమ అనుచరులైన లక్షలాది ప్రజలచేత 22 ప్రతిజ్ఞలు చేయించారు. వాటిలో విడిచిపెట్టవలసినవి ఉన్నాయి, చేపట్టవలసినవీ ఉన్నాయి. విడిచిపెట్టవలసిన వాటిని మనం గట్టిగా, గొంతెత్తి చెబుతాము. చేపట్టవలసిన వాటిలో ప్రజ్ఞ, శీలం, కరుణ అనే మూడింటి ఆధారంగా జీవించాలన్నది ఒకటి. ప్రజ్ఞ అంటే నమ్మకాన్ని కొట్టివేయడం మాత్రమే కాదు, ఉన్నదానిని ఉన్నట్లు తెలుసుకోవడం. నేను పిల్లలకు సగం ప్రతిజ్ఞలే నేర్పాను. మిగిలిన సగం నేర్పని లోటును ఒక పిల్లవాని కన్ను భరించవలసి వచ్చింది.

అప్పుడు నిశ్చయించుకొన్నాను, ఆ చెట్టును చూడాలని. రోజూ ఉదయం ఒక గంట, ఒక ఎండాకాలమంతా, దాని ముందు పీట వేసుకొని కూర్చొన్నాను. మా నాన్న సాంచెల కార్ఖానాలో బట్ట తనిఖీ చేసేవారు. ఒక అంగుళంలో పడుగు దారాలెన్ని, పేక దారాలెన్ని అని లెక్కించడానికి వాడే చిన్న మడత భూతద్దం ఒకటి ఆయన విడిచివెళ్లారు. మీలో చాలామంది ఇళ్లలో అటువంటిది ఉంటుంది. బట్టలోని లోపాన్ని పట్టుకోవడానికి చేసిన ఆ అద్దంతో నేను పువ్వును చూడటం మొదలుపెట్టాను.

నేను చూసినదానిని ఇప్పుడు వరుసగా చెబుతాను.

మొగ్గ ఐదు పలకల చిన్న గుమ్మటంలా ఉంటుంది. చిన్నప్పుడు వాటిని వేళ్లతో నొక్కి టప్పుమని పేల్చినవాళ్లమే మనమంతా. విచ్చుకొన్న తరువాత ఐదు రేకులు బయటికి వాలిపోతాయి. మైనం పూసినట్లు మందంగా ఉంటాయి. ఈ చెట్టు పూలది లేత ఊదారంగు. తెల్లనివి పూసే చెట్లూ ఉన్నాయి. రేకులు అలా వాలిపోయి నడుమను పూర్తిగా తెరచి ఉంచుతాయి. ఆ నడుమ ఒక చిన్న కిరీటం నిలబడి ఉంటుంది. దూరం నుండి చూచినప్పుడు అది పువ్వు మధ్యలోని బొడిపె మాత్రమే. అద్దం కింద చూస్తే అందులో ఐదు కండగల కమ్ములు ఒక స్తంభానికి ఆనుకొని ఉంటాయి. ప్రతి కమ్మీ అడుగున పైకి మెలిదిరిగి ఉంటుంది. స్తంభం పైన ఐదు కోణాల చదునైన పీఠం. తల్లిభాగం, తండ్రిభాగం రెండూ కలిసిపోయి ఆ స్తంభంగా ఏర్పడ్డాయి. మందారంలోనో ఉమ్మెత్తలోనో వలె కేసరాలు విడిగా కనిపించవు. నేను పిల్లలకు పాఠంలో చెప్పిన పువ్వు బొమ్మకు, ఈ పువ్వుకు పోలికే లేదు.

మూడవ రోజున ఒక సంగతి గమనించాను. ఆ పీఠం అంచున, ఐదు మూలలలో, ఒక్కొక్క నల్లని చుక్క ఉన్నది. ఆవగింజ కంటే చాలా చిన్నది. ప్రతి చుక్క కిందనూ సన్నని నిలువు చీలిక. అది ధూళి అనుకొని మరొక పువ్వును చూశాను. అక్కడా ఐదే. పది పూలు చూశాను. ప్రతి పువ్వులోనూ ఐదే.

ఒక సూదిమొనను చీలికలో ఉంచి మెల్లగా పైకి జరిపాను. నల్లచుక్క సూదికి పట్టుకొన్నది. లాగితే అది పైకి వచ్చింది, దానితోపాటు ఇరువైపుల నుండి రెండు పసుపు బిళ్లలు వేలాడుతూ వచ్చాయి. అద్దం కింద చూచినప్పుడు అచ్చంగా కావడి! మధ్యన నల్లని పట్టు, రెండు వైపుల రెండు సన్నని కాడలు, వాటి చివర రెండు బరువులు. ఆ బిళ్లలే ఈ పువ్వు పుప్పొడి. ఇతర పూలలో పుప్పొడి పొడిగా రాలుతుంది. ఇక్కడ మొత్తం పుప్పొడి మూటకట్టి ఉన్నది. ఒక పువ్వుకు ఐదు కావళ్లు, పది మూటలు. నల్లచుక్క ఒక చిమటా. తగిన కాలు ఆ చీలికలో పడితే పట్టుకొంటుంది.

దీనిని మొదట చూసినవాడిని నేను కానని తరువాత పుస్తకాలు చదివి తెలుసుకొన్నాను. స్వీడన్ దేశపు శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లోనే ఈ మొక్కకు శాస్త్రనామం ఇచ్చాడు. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ బ్రౌన్ ఈ కుటుంబపు పూలను ఏళ్ల తరబడి పరిశీలించాడు. కేలోట్రోపిస్ అనే ప్రజాతిని ఏర్పరచినవాడు ఆయనే. 1831లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ఎదుట ఆయన ఆర్కిడ్ పూలు, జిల్లేడు కుటుంబపు పూలు ఎలా ఫలదీకరణం చెందుతాయో వివరిస్తూ ఒక వ్యాసం చదివాడు. జీవకణం లోపలి గుండ్రని భాగానికి న్యూక్లియస్ అనే పేరును ఆ వ్యాసంలోనే ఇచ్చాడు. మనం కేంద్రకం అంటున్నది దానినే. ఈ రోజు బడిలో ప్రతి పిల్లవాడు చదివే ఆ మాట ఇటువంటి పూల ముందు ఓపికతో కూర్చొన్న ఒక మనిషి నుండి వచ్చింది. మనం పాడుచెట్టు అని దూరంగా నడిచిన పువ్వు ముందు ఆయన కూర్చొన్నాడు.

ఇక తుమ్మెద సంగతి. ఉదయం ఎండ కాస్త ఎక్కగానే నల్లని పెద్ద తుమ్మెద వస్తుంది. దుంగలను, వాసాలను తొలిచి గూడు చేసుకొనే జాతి అది. పువ్వును పట్టుకొని కిరీటం చుట్టూ తిరుగుతూ తేనె తాగుతుంది. ఈ పువ్వు మీద బరువుగా నిలబడి పనిచేయగల బలం దానికి ఉన్నది. అలా తిరిగేటప్పుడు దాని కాలి వెంట్రుకో గోరో చీలికలో జారుతుంది. బలంగా లాగుకొంటుంది. కావడి ఊడి దాని వెంట వెళుతుంది. మరొక పువ్వు మీద అదే కాలు అటువంటి చీలికలోనే పడితే, పుప్పొడి మూట అందులో ఇరుక్కొని కాడ తెగిపోతుంది. అక్కడి నుండి కాయ మొదలవుతుంది. ఒకనాడు ఒక తుమ్మెద కాలికి పసుపు మూటలు వేలాడుతూ ఉండగా నా కంటితో చూశాను. ఆ రోజు ఇంటికి వెళ్లి ఎవరితోనూ మాట్లాడలేకపోయాను, అంత సంతోషం కలిగింది.

ధమ్మపదంలోని పుప్ఫవగ్గంలో, పువ్వుకు హాని చేయకుండా తేనె తీసుకొనే తుమ్మెద ప్రస్తావన ఉన్నదని మీకు తెలుసు. భిక్షువు గ్రామంలో ఎలా మెలగాలో చెప్పడానికి భగవానుడు ఆ ఉపమానం వాడారు. ఆ మాట చెప్పినవారు తుమ్మెదను చూసినవారని నాకు ఆ ఉదయం నమ్మకం కలిగింది.

కాని, మిత్రులారా, నేను చూసినదంతా అందమైనది కాదు. కొన్ని పూలలో చిన్న చీమలు, చిన్న ఈగలు కాళ్లు చీలికలో ఇరుక్కొని, లాగుకొనే బలం లేక, అక్కడే ఎండిపోయి ఉన్నాయి. తుమ్మెదకు తేనె ఇచ్చే పువ్వే వాటికి ఉరి అయింది. ఒక గుత్తిలో ఇరవైకి పైగా మొగ్గలు లెక్కించాను. వేసవి ముగిసేసరికి దానికి ఒక్క కాయ మిగిలింది. తక్కినవన్నీ రాలిపోయాయి. ఆకులను నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగులు తింటున్నాయి. మన పిల్లవాని కన్నును దెబ్బతీసిన ఆ పాల విషమే వాటి ఒంట్లో చేరి, రేపు అవి నారింజరంగు సీతాకోకచిలుకలైనప్పుడు పక్షుల నుండి కాపాడుతుంది. ఒకే పాలు పిల్లవానికి కీడు, పురుగుకు కవచం. విషం మంచిదా చెడ్డదా అని ఆ చెట్టును అడిగి లాభం లేదు. ఎవరికి, ఎంత, ఎక్కడ, ఏ కారణం చేత అని అడగాలి. ప్రతీత్యసముత్పాదాన్ని నేను చాలా సభలలో వివరించాను. దాని అర్థం కొంచెమైనా తెలిసింది ఆ పీట మీద కూర్చొన్నప్పుడే.

కాయ పగిలినప్పుడు లోపల చదునైన గింజలు, ఒక్కొక్క గింజకు పట్టువంటి తెల్లని కుచ్చు. గాలి వీచగానే ఎగిరిపోతాయి. మా నాన్న ఆ దూదిని వేళ్ల మధ్య నలిపి, మెరుపు ఉన్నది గాని జారిపోతుంది, పురి నిలవదు అనేవారు. తలగడలో నింపడానికి పనికివస్తుంది. కాండపు నార మాత్రం చాలా గట్టిది. పూర్వం తాళ్లకు, చేపల గాలాల దారానికి వాడేవారు. నేతవారికి ఆ చెట్టు పూర్తిగా తెలియనిది కాదన్నమాట. పనికి దాని అవసరం పడినవారు కొంతైనా చూశారు.

ఇప్పుడు ఇందాక విడిచిన మాటకు వస్తాను. ఇంత చూసిన తరువాత ఈ సభ కోసం ఒక ఉపన్యాసం రాసుకొన్నాను. అందులో జిల్లేడు మనమే. ఊరవతల పెరిగింది, తిట్లు తిన్నది, అవసరానికి వాడబడింది, అయినా పువ్వు పూచింది అని రాశాను. చదివితే నాకే కన్నీరు వచ్చింది. చప్పట్లు తప్పక వచ్చేవి. రెండు రోజుల తరువాత ఆ కాగితాలను చించివేశాను.

ఎందుకంటే, అది కూడా చూడకుండా పేరు పెట్టడమే. అమ్మ దానిని దయ్యమన్నది, గుడి ముందు అమ్మేవాడు దేవుని దండ అన్నాడు, నేను దళితుడు అన్నాను. మూడు పేర్లలోనూ ఆ పువ్వు లేదు. నా పేరు మనకు తీయగా వినిపిస్తుంది, అంతే తేడా. ఇంకొక మాట. ఊరవతల ఉండటం జిల్లేడుకు దుఃఖం కాదు, దానికి ఎండ, బీడు నేల కావాలి. మన తాతలను ఊరవతల ఉంచినవారు మనుషులు. ఆ రెంటినీ కలిపితే, మనుషులు చేసిన అన్యాయం ప్రకృతి నియమంలా కనబడుతుంది. ఆ వాదాన్ని మన మీద వేల ఏళ్లు ప్రయోగించారు. దానిని మన చేతులతో మనమే తిరిగి రాయకూడదు.

మన తెలుగువారికి దగ్గరి కథ ఒకటి సుత్తనిపాతంలోని పారాయనవగ్గంలో ఉన్నది. గోదావరి తీరాన, అస్సక దేశం వైపున, బావరి అనే వృద్ధ బ్రాహ్మణాచార్యుడు ఉండేవాడు. అస్సక దేశాన్ని మన చరిత్రకారులు బోధన్ ప్రాంతంతో ముడిపెడతారు. ఆయన యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేసిన తరువాత ఒక బ్రాహ్మణుడు వచ్చి అయిదు వందలు అడిగాడు. లేదని చెప్పగా, ఏడవ రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి తిండి మాని, చిక్కిపోయి, భయంతో కుంగిపోయాడు. చివరకు, శపించినవానికి తల అంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో తెలియనే తెలియదని ఒక దేవత చెప్పగా, తెలిసినవారిని వెదకమని పదహారుమంది శిష్యులను ఉత్తరదేశానికి పంపాడు. వారు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా నడిచి మగధకు చేరి భగవానుని దర్శించారు. అజ్ఞానమే తల అని, జ్ఞానమే దానిని పగలగొట్టేదని భగవానుడు వివరించారు.

ఆ సమాధానం ఎలా ఉన్నదో గమనించండి. శాపాలు లేవు, భయపడకండి, వెళ్లండి అని భగవానుడు ఊరుకోలేదు. శాపం స్థానంలో జ్ఞానాన్ని ఉంచారు. ఆ సగమే నేను పిల్లలకు చెప్పకుండా విడిచిపెట్టాను. ధమ్మానికి చెప్పే గుణాలలో ఏహిపస్సిక అన్నది ఒకటి. వచ్చి చూడమని పిలిచేది అని అర్థం. ఆ పిలుపు నమ్మకం ఉన్నవారికి ఎంత వర్తిస్తుందో, నమ్మకం విడిచినవారికీ అంతే వర్తిస్తుంది.

ఈ నగరమే దానికి సాక్ష్యం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయం కమ్మినప్పుడు లక్షలమంది సూరత్ విడిచి పారిపోయారు. మనవారిలో చాలామంది స్వగ్రామాలకు వెళ్లారు. సూరత్ నుండి వచ్చినవాడంటే దగ్గరకు రానివ్వని రోజులవి. మనల్ని ఎవరూ పరీక్షించి చూడలేదు, ఊరి పేరు చాలింది. ఆ తరువాత ఈ నగరం బాగుపడింది అంటే భయం వల్ల కాదు, పూజల వల్లా కాదు. పురపాలక సంస్థ అధికారులు రోజూ వీధుల్లోకి వచ్చి, చెత్త ఎక్కడ, మురుగు ఎక్కడ, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి అని కళ్లతో చూసి సరిచేయించినందువల్ల.

ఇక ఆచరణకు సంబంధించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది. పిల్లలున్న ప్రతి ఇంటిలో ఈ సంగతి తెలియాలి. జిల్లేడు కొమ్మ, ఆకు, మొగ్గ విరిచిన చేతిని సబ్బుతో కడుక్కోవాలి. కడగని చేతితో కన్ను తాకకూడదు. పాలు కంటిలో పడితే నొప్పి లేకపోయినా వెంటనే శుభ్రమైన ధారాళమైన నీటితో పదిహేను నిమిషాల పాటు కడిగి, ఆలస్యం లేకుండా కంటి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. తల్లిపాలు, ఆముదం, పసరు వేయకూడదు.

రెండవది. ఇకపై ఆదివారం పాఠంలో మొదటి అరగంట ఏదైనా ఒకదానిని చూడటానికి కేటాయించాము. చీమలబారు, నాడె, నానబెట్టిన పెసర గింజ, ఏదైనా సరే. చూసింది చూసినట్లు చెప్పాలి. పోలిక చెప్పకూడదు, నీతి తీయకూడదు. నీతులు తీయడానికి అలవాటుపడిన మా వంటి పెద్దలకు ఇది చాలా కష్టంగా ఉన్నది. పిల్లలకు తేలికగా ఉన్నది.

మొదటి ఆదివారం జిల్లేడు పువ్వునే చూశాము. కన్ను దెబ్బతిన్న పిల్లవాడు కూడా వచ్చాడు. మొదట దూరంగా నిలబడ్డాడు. దయ్యానికి కాదు, పాలకు. ఆ భయం సరైనదే, దానిని పోగొట్టే ప్రయత్నం చేయలేదు. పువ్వును నా చేతిలో పట్టుకొని, అద్దాన్ని వాని చేతికి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. బాగయిన కంటితోనే చూశాడు. తరువాత, "ఐదు నల్లచుక్కలున్నాయి, ఒకటి లేదు" అన్నాడు.

నేను తీసుకొని చూశాను. నిజమే. నాలుగే ఉన్నాయి. ఐదవ మూలలో చీలిక ఖాళీగా ఉన్నది. మేము రాకముందే తుమ్మెద వచ్చి వెళ్లింది.

ఆ పువ్వు వంటివే ఈ సంచిలో ఉన్నాయి. అద్దం కూడా తెచ్చాను. దయచేసి చేతులు కడుక్కొనే నీరు ఎక్కడున్నదో ముందుగా చూసుకొని రండి.

నమో బుద్ధాయ. జై భీమ్.